గాగుల్స్ ముందు... డ్రోన్ ఆఖర్న!

అమెరికాలోని మినియాపొలిస్ నగరం. అక్కడో పాత బౌలింగ్ కేంద్రం. రోడ్డు మీద నుంచి ఓ కెమెరా తేలుతూ వస్తుంది. తలుపులోంచి లోపలికి దూరుతుంది. కబుర్లు చెప్పుకుంటున్న వాళ్ల మధ్య నుంచి జారుకుని, బంతి దొర్లే చెక్కబాట మీదుగా దూసుకెళ్లి, పిన్నుల వెనకున్న యంత్రాల సందుల్లోంచి తిరిగొస్తుంది. ఎక్కడా కత్తెర పడదు. దాదాపు ఒకటిన్నర నిమిషంపాటు ఒకటే షాట్!

2021 మార్చిలో ‘రైట్ అప్ అవర్ ఆలీ’ పేరుతో వచ్చిన ఈ వీడియోని చూసి హాలీవుడ్ దర్శకులు సైతం ముచ్చటపడ్డారు. దాన్ని తీసింది జే క్రిస్టెన్సెన్ అనే పైలట్. ఆయన కెమెరా పట్టుకుని పరిగెత్తలేదు. కళ్లకు గాగుల్స్ పెట్టుకుని, చేతిలో రిమోట్‌తో నిలబడ్డాడంతే. డ్రోన్ ముక్కు మీదున్న కెమెరా ఏం చూస్తోందో ఆయన కళ్లూ అదే చూశాయి.

దీన్నే ఎఫ్‌పీవీ అంటారు. అంటే ఫస్ట్ పర్సన్ వ్యూ. నేల మీద నిలబడి ఆకాశంలోని డ్రోన్ని చూస్తూ నడపడం కాదు, డ్రోన్‌లోనే కూర్చున్నట్టుగా నడపడం. అందుకే కుర్రకారుకి అంత మోజు. 2016లో దుబాయ్‌లో ప్రపంచ డ్రోన్ ప్రీ పోటీ జరిగితే, రెండున్నర లక్షల డాలర్ల తొలి బహుమతిని ల్యూక్ బానిస్టర్ నడిపిన బ్రిటన్ జట్టు ఎగరేసుకుపోయింది. అప్పటికి ల్యూక్ వయసు పదిహేనేళ్లు. 2018లో చైనాలోని షెన్‌జెన్‌లో జరిగిన తొలి ప్రపంచ డ్రోన్ రేసింగ్ ఛాంపియన్‌షిప్‌లో గెలిచిన ఆస్ట్రేలియా కుర్రాడు రూడీ బ్రౌనింగ్‌దీ అదే వయసు.

ఇలాంటి వీడియోలు నాలుగు చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. తొలి జీతమో, పండగకి చేతికొచ్చిన డబ్బో పట్టుకుని నేరుగా కొట్టుకెళ్తారు. అన్నిటికన్నా వేగంగా వెళ్లే డ్రోన్ కావాలంటారు. తప్పటడుగు పడేది సరిగ్గా అక్కడే. మొదటి బ్యాటరీ అయిపోకముందే డ్రోన్ గోడకి గుద్దుకుంటుంది. రెండు రెక్కలు విరుగుతాయి, ఓ మోటారు కాలుతుంది. ఆ పెట్టె అటకెక్కుతుంది. పోయింది డ్రోన్ ఒక్కటే కాదు, నేర్చుకుందామన్న సరదా కూడా.

ఇది జరగకుండా ఉండాలంటే కొనే వరసని తిరగెయ్యాలి. ముందు రిమోట్, తర్వాత గాగుల్స్, చిట్టచివర డ్రోన్. కారణం చిన్నదే... డ్రోన్ విరిగేది, మిగతా రెండూ మిగిలేవి!

కంప్యూటర్లో కూలండి!

పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్లు ఎగరేసే డ్రోన్లని చూసి ఇదీ అంతేననుకుంటే పొరపాటు. వాటికి జీపీఎస్ ఉంటుంది. చేతులు వదిలేసినా ఉన్నచోటే గాల్లో నిలబడతాయి. ఎఫ్‌పీవీ డ్రోన్ అలా కాదు. ఎడమ పుల్ల ఎత్తునీ, ఎటు తిరగాలన్నదాన్నీ చూసుకుంటుంది. కుడి పుల్ల ముందుకీ పక్కకీ వంచుతుంది. ‘ఆక్రో’ పద్ధతిలో నడుపుతున్నప్పుడు ఓసారి వంచి పుల్ల వదిలేస్తే డ్రోన్ అలా వంగే ఉంటుంది తప్ప తనంతట తాను సర్దుకోదు. సైకిలు తొక్కడం లాంటిదే ఇది. పుస్తకం చదివితే రాదు, పడితేనే వస్తుంది.

ఆ పడేదేదో కంప్యూటర్లోనే పడితే సరి. లిఫ్టాఫ్, వెలాసీడ్రోన్, అన్‌క్రాష్డ్ లాంటి సిమ్యులేటర్లు అందుకోసమే ఉన్నాయి. వాటిలో వందసార్లు కూలినా ఓ బటన్ నొక్కితే కొత్త డ్రోన్ సిద్ధం. అయితే కీబోర్డుతోనో వీడియో గేమ్ ప్యాడ్‌తోనో నేర్చుకుంటే వేళ్లకి అసలు అలవాటు రాదు. రేపు ఏ రిమోట్‌తో నిజం డ్రోన్ని ఎగరేస్తారో, ఈరోజు దాన్నే కంప్యూటర్‌కి తగిలించుకోవాలి. అందుకే మొదటి ఖర్చు రిమోట్ మీద.

కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి కలుస్తుందా? పుల్లల అడుగున రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ ఉందా? ‘ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్’ పద్ధతిలో డ్రోన్‌తో మాట్లాడుతుందా? చివరిది ముఖ్యం. ఇది ఎవరి సొత్తూ కాని పద్ధతి. చాలా కంపెనీల డ్రోన్లలో ఈ రిసీవర్ దొరుకుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రకం తీసుకుంటే చాలు. అలాంటి రిమోట్ ఒకటి కొంటే తర్వాత నాలుగు డ్రోన్లు మారినా అదే పనికొస్తుంది.

రోజుకి అరగంట చొప్పున ఓ నెల సిమ్యులేటర్లో గడపండి. ఓ కమాను కిందుగా పదిసార్లు వెళ్లి, పదిసార్లూ తగలకుండా బయటికి రాగలిగితే రెండో మెట్టెక్కొచ్చు. విసుగొచ్చి వదిలేశారా... అదీ మంచిదే. రిమోట్ ఖర్చుతోనే సరిపోయింది!

కళ్లజోడే కీలకం

ఇక గాగుల్స్. తొలిసారి కొనేవాళ్లు వీటిని డ్రోన్‌కి తోక అనుకుంటారు. నిజానికి డ్రోనే గాగుల్స్‌కి తోక. ఎందుకంటే డ్రోన్‌లోని వీడియో ట్రాన్స్‌మిటర్ ఏ భాషలో బొమ్మ పంపుతుందో గాగుల్స్‌కి ఆ భాష రావాలి. గాగుల్స్ ఎంచుకున్నారంటే, రేపు కొనబోయే డ్రోన్లన్నిటికీ దారి వేసేసినట్టే.

ఈ భాషలు రెండు రకాలు. మొదటిది అనలాగ్. పాతకాలం టీవీ లాంటిది. డ్రోన్ దూరమవుతున్నకొద్దీ తెరమీద ‘చీమలు’ పడతాయి. యాంటెన్నా తిప్పుతూ డాబా మీద నుంచి ‘వచ్చిందా?’ అని అరిచిన తరానికి ఇది కొత్తేం కాదు. బొమ్మ మసకగానే ఉంటుంది. కానీ ఇందులో రెండు గొప్ప సుగుణాలున్నాయి. చవక, తేలిక. పైగా సిగ్నల్ తగ్గుతుంటే బొమ్మ మెల్లమెల్లగా పాడవుతుంది కాబట్టి వెనక్కి తిప్పమని ముందే హెచ్చరించినట్టుంటుంది. అదే ఛానల్ పెట్టుకుంటే పక్కనున్నవాళ్లూ తమ గాగుల్స్‌లో అదే దృశ్యం చూడొచ్చు.

రెండోది డిజిటల్. డీజేఐ, వాక్‌స్నెయిల్, హెచ్‌డీజీరో... ఇలా ఎవరి పద్ధతి వాళ్లది. బొమ్మ అద్దంలా ఉంటుంది. కరెంటు తీగలూ చెట్టు కొమ్మలూ ముందే కనిపిస్తాయి. తీగలే మన వీధుల్లో అసలు గండం కదా! కానీ ఒకరి గాగుల్స్‌లో ఇంకొకరి బొమ్మ రాదు. ఒకే కంపెనీలో సైతం పాత గాగుల్స్, కొత్త డ్రోన్ కలవకపోవచ్చు. ఏది దేనితో పనిచేస్తుందో కంపెనీ ఇచ్చే పట్టికలో చూడకుండా రూపాయి కూడా పెట్టొద్దు. డిజిటల్ గాగుల్స్ ఒక్కదానికయ్యే డబ్బుతో అనలాగ్‌లో రిమోట్, గాగుల్స్, బుల్లి డ్రోన్ అన్నీ వచ్చేసే సందర్భాలు ఎక్కువ.

బొమ్మ నాణ్యతతోపాటు చూడాల్సింది ఇంకొకటుంది. ఆలస్యం. కెమెరా చూసింది మీ కంటికి చేరడానికి సెకనులో మూడు వందో వంతులు పట్టిందనుకోండి. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న డ్రోన్ ఆలోపే ఎనభై సెంటీమీటర్లకు పైగా ముందుకెళ్లిపోతుంది. పందెంగాళ్లు ఆలస్యం తక్కువగా, ఎప్పుడూ ఒకేలా ఉండే అనలాగ్‌నో హెచ్‌డీజీరోనో ఇష్టపడేది అందుకే. కొండలూ కోనలూ అందంగా తీయాలనుకునేవాళ్లు డీజేఐ వైపు మొగ్గుతారు. మీకేం కావాలో ముందు మీరు తేల్చుకోవాలి.

ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారో లేదో అన్న అనుమానం ఉన్నా, డబ్బు తక్కువున్నా అనలాగ్‌లో పెట్టె ఆకారంలో ఉండే గాగుల్స్‌తో మొదలెట్టొచ్చు. ఈ సరదా ఏళ్లపాటు ఉంటుందని సిమ్యులేటర్లోనే రూఢి అయిపోయి, డబ్బుకీ వెసులుబాటు ఉంటే నేరుగా డిజిటల్‌కి వెళ్లడమే లాభం. మధ్యరకం అనలాగ్ గాగుల్స్‌కి బోలెడు పోసి, ఏడాదికల్లా డిజిటల్‌కి మారడమే అన్నిటికన్నా నష్టం బేరం.

పెట్టుకుని చూడనిదే...

చెప్పుల్ని కాలికి తొడిగి చూడకుండా కొంటామా? గాగుల్సూ అంతే. కనుపాపల మధ్య దూరం అందరికీ ఒకేలా ఉండదు. రెండు తెరల గాగుల్స్‌లో ఆ దూరాన్ని సర్దుకునే మర ఉండాలి, అది మీ కొలతకి అందాలి. లేదంటే బొమ్మ రెండుగా కనిపిస్తుంది, పది నిమిషాలకే తలనొప్పి. కళ్లద్దాల దుకాణంలో అడిగితే ఈ కొలత నిమిషంలో చెబుతారు.

సైటు ఉన్నవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. చిన్న గాగుల్స్‌లో కళ్లజోడు పట్టదు. పవర్ సర్దుకునే ఏర్పాటైనా, విడిగా బిగించుకునే అద్దాలైనా ఉండాలి. పెట్టెలాంటి గాగుల్స్‌లో చాలావాటికి కళ్లజోడు మీదే పెట్టుకునేంత చోటుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఉక్కపోతలో అద్దాలకి ఆవిరి పడుతుంది కాబట్టి లోపల చిన్న ఫ్యాన్ ఉంటే మేలు. చూసిందంతా రికార్డయ్యే వీలూ ఉండాలి. అది గొప్పలు చెప్పుకోడానికి కాదు... డ్రోన్ ఏ పొదలో పడిందో చివరి దృశ్యం చూసి వెతుక్కోడానికి!

ఒక జాగ్రత్త మాత్రం ప్రాణం పెట్టి పాటించాలి. గాగుల్స్‌ని ఎండలో అద్దాలు పైకి ఉండేలా పెట్టొద్దు. భూతద్దంతో కాగితాన్ని కాల్చినట్టుగా సూర్యకిరణాలు లోపలి తెరని కాల్చేస్తాయి. మన వేసవిలో అందుకు ఎంతోసేపు పట్టదు.

బుల్లి డ్రోనే బడి

ఇప్పుడు డ్రోన్ వంతు. పందేల్లో కనిపించే అయిదంగుళాల రెక్కల డ్రోన్ బ్యాటరీతో కలిపి అరకిలోకి పైమాటే. గంటకి వంద కిలోమీటర్లు దాటడం దానికి ఓ లెక్క కాదు. అంత బరువు అంత వేగంతో మనిషికి తగిలితే ఎముక విరుగుతుంది, రెక్క తగిలితే వేలు తెగుతుంది. కాబట్టి మొదటి డ్రోన్‌గా అది వద్దే వద్దు.

తొలి డ్రోన్ అంటే ‘వూప్’. ఎదురెదురు మోటార్ల మధ్య 65 నుంచి 75 మిల్లీమీటర్లు. అంటే అరచేతిలో పట్టేస్తుంది. చిన్నదైతే బ్యాటరీతో కలిపినా ముప్ఫై గ్రాముల అటూఇటూ. రెక్కల చుట్టూ గాజుల్లా ప్లాస్టిక్ వలయాలుంటాయి. గోడకి తగిలితే ‘టక్’మని వెనక్కొస్తుంది. సోఫాకి తగిలితే సోఫాకీ దానికీ కూడా ఏమీ కాదు. బోర్లాపడితే లేవకుండానే తిరగేసుకునే ‘టర్టిల్ మోడ్’ ఉంటుంది. బయట వానైనా ఎండైనా ఇంటి హాల్లోనే సాధన చేసుకోవచ్చు. ఒక్కో బ్యాటరీకి మూడు నాలుగు నిమిషాలే ఎగురుతుంది. అందుకని డ్రోన్ ఒకటి, బ్యాటరీలు ఆరు అన్నట్టుగా కొనుక్కోవాలి.

దుకాణాన్ని బట్టి మారుతుందనుకోండి... ఇలా అనలాగ్ దారిలో రిమోట్, పెట్టె గాగుల్స్, వూప్, బ్యాటరీలు, ఛార్జరు కలిపి ముప్ఫై వేల రూపాయల ప్రాంతంలో తేలిపోతుంది. వూప్‌తో చెయ్యి తిరిగాక మూడంగుళాలు, ఆ తర్వాతే అయిదంగుళాలు. అప్పటికి రిమోట్, గాగుల్స్ మీ దగ్గర ఎలాగూ ఉంటాయి.

సూట్‌కేసులో తేవచ్చా?

తెలుగు ఇళ్లలో ఎలక్ట్రానిక్ వస్తువు కొనాలంటే ముందు వచ్చే మాట, ‘అమెరికా నుంచి బావ వస్తున్నాడుగా, తెమ్మంటే పోలా!’. డ్రోన్ విషయంలో అది కుదరదు. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా బిగించినదైనా, విడదీసి కిట్‌గా తెచ్చినదైనా ఒకటే. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రం మినహాయింపునిచ్చింది. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకి చెప్పితీరాల్సిన వస్తువుల్లో డ్రోన్ కూడా ఉంది. అంటే బావగారు వేలు పోసి కొన్నది విమానం దిగీదిగగానే చేజారిపోవచ్చన్నమాట.

అయితే డ్రోన్ల విడిభాగాలకి ఆ నిషేధం లేదు. అందుకే మన దగ్గర ఎఫ్‌పీవీ కుర్రాళ్లు చాలామంది ఫ్రేము, మోటార్లు, ఫ్లైట్ కంట్రోలర్, కెమెరా విడివిడిగా కొని సొంతంగా బిగించుకుంటారు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వస్తే చాలావరకు పనైనట్టే. ఉచితంగా దొరికే ‘బీటాఫ్లైట్’ సాఫ్ట్‌వేర్‌తో దానికి బుద్ధులు నేర్పిస్తారు. ఇందులో లాభమూ ఉంది. తన చేత్తో బిగించినవాడికి విరిగితే ఎక్కడ అతకాలో తెలుస్తుంది. అంత ఓపిక లేనివాళ్లు మనదేశంలో బిగించి అమ్మేవాటినే బిల్లుతో సహా తీసుకోవాలి. బిల్లు ఇవ్వని చోట బేరం వద్దు.

ఎగరేయడానికీ లెక్కుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల్లోపువి నానో, రెండు కిలోల్లోపువి మైక్రో. నానోకీ, వ్యాపారానికి కాకుండా సరదాకి ఎగరేసే మైక్రోకీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరేయకూడదు. విమానాశ్రయాల చుట్టుపక్కల అనుమతి తప్పనిసరి. హైదరాబాద్‌లో శంషాబాద్ ఒక్కటే కాదు... బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి. విశాఖలో నౌకాదళ స్థావరం ఉంది. ఆకుపచ్చ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. జోన్ల పటం, డ్రోన్‌కి గుర్తింపు సంఖ్య సంగతి పౌర విమానయాన శాఖ పోర్టల్‌లో చూసుకున్నాకే ఆరుబయటికి వెళ్లాలి. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఎగరేసే ముందు మరోసారి చూసుకోవడం ఉత్తమం.

ఇంకో సంగతి. గాగుల్స్ పెట్టుకున్నవాడికి డ్రోన్ ముందున్నదే కనిపిస్తుంది. పక్క నుంచి పరిగెత్తుకొచ్చే పిల్లాడు కనిపించడు. అందుకే డ్రోన్ని మామూలు కంటితో చూస్తూ ‘ఆపు’ అని చెప్పడానికి పక్కనే ఓ మనిషి ఉండాల్సిందే. మరో ఇద్దరు స్నేహితులు కలిసి ఎగరేస్తుంటే ఎవరి ఛానల్ ఏమిటో ముందే మాట్లాడుకోవాలి. గాల్లో ఉన్నవాడి ఛానల్లోనే ఇంకొకడు డ్రోన్ ఆన్ చేస్తే అతని కళ్లముందు ఒక్కసారిగా చీకటే. ఇక సంక్రాంతి రోజుల్లో గాలంతా మాంజా దారాలే. ఆ నాలుగు రోజులూ ఆకాశాన్ని గాలిపటాలకి వదిలేయడమే మర్యాద.

బ్యాటరీతో ఆటలొద్దు

డ్రోన్ కన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది దాని బ్యాటరీని. ఈ లిథియం పాలిమర్ బ్యాటరీ మామూలు రకమైతే ఒక్కో సెల్ 4.2 వోల్టులతో నిండుతుంది. 3.5 వోల్టులకి రాగానే దించేయాలి. నాలుగు రోజులు వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్‌కి పెట్టొద్దు. రాత్రి పెట్టేసి పడుకోవడం అసలే వద్దు. మంట పుడితే ఆగేది కాదది. అంటుకునే వస్తువులేవీ లేనిచోట, మనిషి కళ్లముందే ఛార్జ్ చేయాలి. బల్లమీద పెట్టి ఏ చిన్న మార్పు చేస్తున్నా రెక్కలు ఊడదీశాకే బ్యాటరీ తగిలించాలి. సిగ్నల్ పోగానే మోటార్లు ఆగిపోయేలా ‘ఫెయిల్‌సేఫ్’ పెట్టి, రెక్కలు లేకుండా ఓసారి పరీక్షించి చూసుకోవాలి.

అన్నీ అయ్యాయా? ఇక మొదటిసారి హాల్లో ఎగరేసేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. బాల్కనీ తలుపు వేయండి. కుర్చీలో కూర్చుని గాగుల్స్ పెట్టుకోండి. నిలబడితే తొలిసారి కళ్లు తిరిగి తూలే ప్రమాదముంది. వాంతి వచ్చేలా అనిపిస్తే తీసేసి కాసేపు ఆగండి. రోజూ కొద్దికొద్దిగా చేస్తుంటే చాలామందికి అది సర్దుకుంటుంది.

డ్రోన్ డైనింగ్ టేబుల్ కింద నుంచి వెళ్తుంది. నాలుగు కుర్చీ కాళ్లు నాలుగు తాటిచెట్లలా కనిపిస్తాయి. రోజూ తిరిగే ఇల్లే కొత్త ఊరైపోతుంది. కాసేపటికి మలుపు తిరగ్గానే ఎదురుగా కుర్చీలో, కళ్లకి గంతలు కట్టుకున్నట్టుగా కూర్చున్న మనిషొకరు కనిపిస్తారు. అది మీరే! ఎఫ్‌పీవీలో అందరూ చెప్పుకునే తొలి విచిత్రం అదే... తనని తాను బయట నుంచి చూసుకోవడం.

ఆ వూప్ కూడా ఎన్నాళ్లో ఉండదు. ఏ చెట్టుకొమ్మకో చిక్కుకుంటుంది, ఏ పొరుగింటి డాబా మీదో పడిపోతుంది. పోనివ్వండి. రిమోట్ చేతిలోనే ఉంది, గాగుల్స్ కళ్లకే ఉన్నాయి, వేళ్లకి విద్య వచ్చేసింది. ఇంక కొనాల్సింది ఒక్క డ్రోనే కదా!